‘నా చాదస్తం కాకపోతే...’

(మా ఊరి గ్రంథాలయంలో పెన్షనర్ల నెలవారీ సమావేశంలో నేను మాట్లాడింది. ఫోన్‌లో రికార్డయినదాన్ని విని, మరీ తడబడిన చోట్ల మాత్రం సరిచేసి రాశాను.)

అందరికీ నమస్కారం. ఆ మైకు కొంచెం వెనక్కి జరపండి బాబూ, నా ఆయాసం కూడా వీళ్ళకు వినబడుతోంది.

కార్యదర్శిగారు నన్ను ‘వృద్ధాప్యం - మానసిక ఆరోగ్యం’ గురించి మాట్లాడమన్నారు. నేను డాక్టర్ని కాదు. 31 ఏళ్ళు తెలుగు పాఠాలు చెప్పుకుని బతికినవాణ్ణి. అందుకని ఒక్క మాట పట్టుకుంటాను, ఆ మాట వెంట ఎంతదూరం పోగలిగితే అంతదూరం పోతాను. ఆ మాట చాదస్తం. ఈ మధ్య వారం రోజుల్లో ఇంట్లో ఎవరో ఒకరి చేత ‘చాదస్తం’ అనిపించుకున్నవాళ్ళు చేతులెత్తండి. అమ్మో, వెనక వరసలో రెండు చేతులూ ఎత్తారు ఒకాయన! నేనైతే ఇవాళే అనిపించుకున్నాను. గుమ్మం దిగేటప్పుడు కళ్ళజోడు పెట్టుకున్నానా లేదా అని మా ఆవిణ్ణి అడిగాను. అది కళ్ళకే ఉంది. ఆవిడ ఆ మాట అననే లేదు, చూసిన చూపులోనే ఉంది.

అసలు మనం వేటిని చాదస్తం అంటున్నామో ఒకసారి చూడండి. పది గంటల బస్సుకు ఎనిమిదింటికే స్టాండులో కూర్చుంటే చాదస్తం. టికెట్ ఫోన్‌లో ఉన్నా మళ్ళీ కాగితం మీద ప్రింటు తీయించుకుంటే చాదస్తం. పిల్లలు ఊరు చేరారో లేదో అని మూడుసార్లు ఫోన్ చేస్తే చాదస్తం, ప్యాకెట్‌లో వచ్చిన శుభ్రమైన బియ్యాన్ని కూడా చేటలో పోసి ఏరితే చాదస్తం, మంగళవారం గోళ్ళు తీయొద్దంటే చాదస్తం, కూరగాయల కవర్లు మడతపెట్టి పరుపు కింద దాస్తే చాదస్తం, పెళ్ళిలో జరిగిన గొడవ కథ పదోసారి చెబితే చాదస్తం, చెప్పిన గంటలోపే అదే కథను కొత్తగా చెబుతున్నట్టు మళ్ళీ మొదలుపెడితే అదీ చాదస్తమే. ఇన్నింటికీ ఒకటే మాట. ఇందులో మొదటిది జాగ్రత్త. రెండోది ఫోన్ మీద అపనమ్మకం, అది నాకూ ఉంది. బియ్యం ఏరడం రాళ్ళు కలిసిన రేషన్ బియ్యం తిన్న రోజుల్లో చేతికి పట్టిన అలవాటు. గోళ్ళది ఆచారం. కవర్లది పొదుపు. చివరిది మాత్రం, గంటలోపే మళ్ళీ చెప్పడం, అది వేరే. దాని దగ్గరికి తర్వాత వస్తాను.

మన సామెత ఒకటుంది, ‘చాదస్తపు మొగుడు చెబితే వినడు, గిల్లితే ఏడుస్తాడు’ అని. ఎన్నోసార్లు విన్నదే, కానీ ఆ మొగుడి వయసెంతో ఎప్పుడైనా ఆలోచించారా? సామెతలో ఎక్కడా ముసలాడని లేదు. పెళ్ళయిన కొత్తలో పాతికేళ్ళవాడైనా కావచ్చు. అంటే ఇది మొదట వయసుకు సంబంధించిన మాట కాదు, ఒక రకం మనిషికి సంబంధించింది. లోకం పోకడ పట్టనివాడు, తనకు తెలిసిన పద్ధతి ఒక్కటే పద్ధతి అనుకునేవాడు. అలాంటివాళ్ళు నాకు ముప్ఫై ఏళ్ళ వయసులోనే స్టాఫ్ రూములో నలుగురు తగిలారు. వాళ్ళిప్పటికీ అలాగే ఉన్నారు, ఆరోగ్యంగా.

ఇంకా వెనక్కి వెళ్తే ఈ మాట పుట్టిల్లు చాలా పెద్ద ఇల్లు. చాదస్తం అనేది ఛాందసం నుంచి వచ్చింది. ఛందస్సు అనగానే మనకు ఉత్పలమాల, చంపకమాల, మాస్టారి బెత్తం గుర్తొస్తాయి గానీ, ఛందస్సు అంటే వేదం అని కూడా అర్థం. పాణిని వ్యాకరణంలో ‘ఛందసి’ అని మాటిమాటికీ వస్తుంది, ‘వేదభాషలో అయితే ఇలా’ అని దాని భావం. ఆ ఛందస్సును చదువుకున్నవాడు ఛాందసుడు. అమరకోశంలో ‘శ్రోత్రియచ్ఛాందసౌ సమౌ’ అని ఉంది, శ్రోత్రియుడన్నా ఛాందసుడన్నా ఒకటే అని. ఆ రోజుల్లో ఒకాయన్ని ఛాందసుడు అంటే లేచి నిలబడి నమస్కారం పెట్టాల్సిన మనిషన్నమాట.

మరి అంతటి మాట ఇంతకు ఎలా దిగింది? నాకు తోచింది చెబుతాను. వేదం వల్లించేవాడికి అక్షరం మార్చే హక్కు లేదు, స్వరం మార్చే హక్కు లేదు. విన్నది విన్నట్టు, వందోసారి కూడా మొదటిసారిలాగే చెప్పాలి. వేదాన్ని వేల ఏళ్ళు కాగితం లేకుండా కాపాడిన గుణం అదే. అదే మనిషి సంతకు వెళ్ళి వంకాయలు బేరం చేసేటప్పుడు కూడా అలాగే ఉంటే? చెప్పిందే చెబుతాడు, మారడు, ఎదుటివాడు ఏమంటున్నాడో పట్టించుకోడు. జనం నవ్వారు. నవ్వి నవ్వి మాటను అరగదీశారు, ఒత్తు పోయింది, సున్నా పోయింది, చివర ఒక ‘త’ వచ్చి చేరింది. ఛాందసం చాదస్తమైంది. తమాషా ఏమిటంటే అసలు రూపం కూడా చావలేదు. పేపర్లో ‘మత ఛాందసవాదులు’ అని చదువుతాం కదా, అదీ ఇదే. పేపర్లో ఆ మాట చదివి భయపడతాం, పేపరు మడిచి పక్కనపెట్టి ఇంట్లో అమ్మమ్మను అదే మాటతో విసుక్కుంటాం.

ఒక్క ప్రయోగం దగ్గర మాత్రం కాసేపు ఆగాలి. ‘నా చాదస్తం కాకపోతే’ అని మన ఆడవాళ్ళు అంటారే, అది. ‘నా చాదస్తం కాకపోతే, ఆకలేస్తే నువ్వే తింటావుగా’, ‘నా చాదస్తం గానీ, ఆ పిల్లకు మీరు చెప్పినా వింటుందా’. మా అమ్మ రోజుకు పదిసార్లు అనేది. ఎదుటివాళ్ళు ఆ మాట ఎలాగూ అంటారని ముందే తెలుసు కాబట్టి, వాళ్ళకంటే ముందే తనే అనేసుకుని, ఆ చాటున తను చెప్పదలచుకున్నది చెప్పేసేది. ‘నా’ అంటే గొడుగు. ‘నీ’ అంటే మూత. ‘నీ చాదస్తం’ అన్నాక అవతలి మనిషి ఇంకేం మాట్లాడినా అది ఆ మూత కిందే ఉడుకుతుంది. ఆస్తి పంపకాల్లో తేడా వచ్చిందని ఒక తండ్రి అడిగితే, ‘నాన్నకు చాదస్తం పెరిగింది’ అంటారు. లెక్క సరిగ్గా ఉందో లేదో చెప్పరు. నేను చూసిన ఇళ్ళలో ఇలాంటివి చాలా ఉన్నాయి, మీరూ చూసే ఉంటారు, పేర్లు వద్దులెండి.

ముసలితనానికి మతిని తగిలించడం మన ఒక్కళ్ళ పనే కాదు. హైదరాబాద్‌లో ఉర్దూ, హిందీ వాళ్ళు ‘సఠియా గయా’ అంటారు. సాఠ్ అంటే అరవై, ‘అరవయ్యాడు’ అని తిట్టన్నమాట, అంకెనే తిట్టుగా చేశారు. అనంతపురం దాటి కన్నడదేశంలోకి వెళ్తే ‘అరవత్తక్కె అరళు మరళు’ అంటారు. అరవైకి మతి తారుమారు అని. మనమేమో అరవై ఏళ్ళకు షష్టిపూర్తి చేసి, పూలదండలు వేసి, మళ్ళీ పెళ్ళి చేసి, ప్రభవ నుంచి అక్షయ దాకా చక్రం ఒక చుట్టు పూర్తయింది, మళ్ళీ మొదటి నుంచి మొదలని సంబరపడతాం. మర్నాటి నుంచి మాత్రం చాదస్తం. ఇంగ్లీషులో సెనైల్ అని ఒక మాటుంది, ముసలితనంతో మతి పోయినవాడని. లాటిన్‌లో సెనెక్స్ అంటే ముసలాయన, దాని నుంచే అదీ వచ్చింది, సెనేట్ కూడా వచ్చింది. రోములో పెద్దవాళ్ళందరూ కూర్చుంటే అది రాజ్యసభ లాంటిది, ఒక్కడే కూర్చుంటే సెనైల్.

సరే. ఇప్పుడు మా అమ్మ విషయం చెబుతాను. ఇది చెప్పాలా వద్దా అని రెండు రోజులు ఆలోచించాను, చెప్పకపోతే మిగతాదంతా ఊరికే నిఘంటువు చదివినట్టు ఉంటుంది.

మా అమ్మకు జీవితమంతా ఒక అలవాటు, పడుకునే ముందు ‘గ్యాస్ కట్టేశారా?’ అని అడగడం. గ్యాస్ లేని రోజుల్లో ‘పొయ్యిలో నిప్పు ఆరిందా?’ అనేది. ఆవిడ చిన్నప్పుడు వాళ్ళ ఊళ్ళో పూరిళ్ళు తగలబడిపోయాయి, ఆ భయం. అందుకని ఆవిడ 74వ ఏట, రాత్రికి ఒకసారి అడిగేది కాస్తా నాలుగుసార్లు, ఏడుసార్లు అయితే మేం ఎవరమూ లెక్కచేయలేదు. చాదస్తం ముదిరింది అన్నాం. చూశారా, మాట ఎంత చక్కగా సరిపోయిందో! పాత అలవాటే కదా, కొంచెం పెరిగింది. ఆ మాట లేకపోతే మేం ‘ఏమిటిది?’ అనుకునేవాళ్ళమేమో. పేరు దొరికింది కాబట్టి వెతకడం మానేశాం.

తర్వాత పాల లెక్క తప్పింది. నలభై ఏళ్ళు క్యాలెండర్ మీద గీతలు పెట్టి నెలాఖరుకు పైసలతో సహా చెప్పిన మనిషి, పాలవాడికి ఒకే నెలకు రెండుసార్లు డబ్బిచ్చింది. పులుసులో ఉప్పు రెండుసార్లు పడింది. ఇంకోరోజు అసలు పడలేదు, అడిగితే ‘మీ నాలుకలు చచ్చాయి’ అంది. మేం నవ్వుకున్నాం. కార్తీకమాసంలో ఒకరోజు గుడి నుంచి తిరిగి వస్తూ దారి తప్పింది. గుడి మాకు రెండు వీధుల అవతల. కిరాణా కొట్టతను చూసి ఇంటికి తీసుకొచ్చాడు. ఆవిడ చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, ‘ఈ మునిసిపాలిటీవాళ్ళు వీధులన్నీ మార్చేశారురా’ అంది. ఆ రోజు నవ్వలేదు.

ఒక డాక్టర్ దగ్గరికి తీసుకెళ్తే, బీపీ చూసి, ‘ఈ వయసులో మామూలేనండీ, బలానికి మందు రాస్తాను’ అన్నారు. చదువుకున్న ఆయన కూడా మేమన్న మాటే అన్నారు, కాకపోతే ఫీజు తీసుకుని. ఇంకో ఏడాది పోయింది. రెండో డాక్టర్ అమ్మను కాకుండా నన్ను అడిగారు, ‘ఇది ఎప్పటి నుంచి? ముందు ఎలా ఉండేవారు?’ అని. నేను ‘గ్యాస్ గురించి మొదటినుంచీ అడుగుతుందండీ’ అన్నాను. ‘అది కాదు, ఇదివరకు చేయగలిగి ఇప్పుడు చేయలేకపోతున్నది ఏది?’ అన్నారు. అప్పుడు పాల లెక్క గుర్తొచ్చింది. ఆ ప్రశ్న నన్ను ఎవరైనా రెండేళ్ళ ముందు అడిగి ఉంటే బాగుండేది. ఆ రెండేళ్ళూ నేను రోజూ క్లాసులో పదాలకు అర్థాలు చెబుతూనే ఉన్నాను.

ఇక్కడ ఒక జర్మన్ ఆవిడ సంగతి చెప్పాలి. పేరు ఆగస్టె డీటర్. 1901లో ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఆసుపత్రిలో చేర్చారు. ఆలోయిస్ ఆల్జైమర్ అనే డాక్టర్ ఆవిణ్ణి కూర్చోబెట్టి ప్రశ్నలు అడుగుతూ జవాబులు రాసుకున్నాడు. నీ పేరేమిటి అంటే ఆగస్టె. ఇంటిపేరు అంటే ఆగస్టె. మీ ఆయన పేరు అంటే కూడా, ఆగస్టె అనుకుంటా. మధ్యాహ్నం భోజనంలో ఆవిడ కాలీఫ్లవర్, పంది మాంసం తింటుంటే ఏం తింటున్నావని అడిగాడు, పాలకూర అంది. ఒకచోట ఆవిడే అంది, ‘నన్ను నేను పోగొట్టుకున్నాను’ అని. ఇది ఏ కవీ రాసిన వాక్యం కాదండీ, రోగి చెప్పింది డాక్టర్ కాగితం మీద రాసుకున్నాడు. నూట పాతికేళ్ళ కిందటిది. నేను మొదటిసారి చదివినప్పుడు పుస్తకం మూసేసి కాసేపు వరండాలో తిరిగాను.

1906లో ఆవిడ చనిపోయాక మెదడును మైక్రోస్కోపు కింద చూశాడాయన. మెదడు కుంచించుకుపోయి ఉంది, కణాల బయట ఏవో గారల్లాంటి మచ్చలు, కణాల లోపల దారప్పోగులు చిక్కుపడినట్టు ముళ్ళు. ఆ ఏడాది నవంబరులో ట్యూబింగెన్‌లో డాక్టర్ల సభలో ఈ విషయం చెప్పాడు. సభలో ఒక్కరూ ఒక్క ప్రశ్న కూడా అడగలేదట. 1910లో క్రేపెలిన్ అనే ఆయన తన పాఠ్యపుస్తకంలో ఆ జబ్బుకు ఆల్జైమర్ పేరు పెట్టాడు.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, ఆసుపత్రిలో చేరేనాటికి ఆగస్టె వయసు 51. అరవై కూడా కాదు. అందుకే అది ‘జబ్బు’ అయింది! అదే డెబ్బై అయిదేళ్ళ ఆవిడ అయితే, ముసలితనం అని ఊరుకునేవాళ్ళు. నిజంగా ఊరుకున్నారు కూడా. ఆ తర్వాత దాదాపు అరవై ఏళ్ళ పాటు, మధ్యవయసులో వస్తే ఆల్జైమర్ జబ్బు, ముసలితనంలో వస్తే వయసు ప్రభావం అని రెండు గంపల్లో పెట్టారు. 1960ల్లో ఇంగ్లండ్‌లో న్యూకాసిల్ డాక్టర్లు ముసలివాళ్ళ మెదళ్ళు పరీక్షించి చూస్తే అవే మచ్చలు, అవే ముళ్ళు కనబడ్డాయి. కాబట్టి ‘చాదస్తం’ అని ఊరుకున్నది మా ఇల్లొక్కటే కాదు, యూరప్ అంతా తన భాషలో తను అదే అని ఊరుకుంది.

మరి మన భాషలో దీనికి సరైన మాట ఏది? పేపర్లలో చిత్తవైకల్యం అని రాస్తారు. నిర్దుష్టమైన సంస్కృతమే, కానీ ఎవరింట్లో అనగలం? ‘మా అమ్మకు చిత్తవైకల్యం అండీ’ అంటే పెళ్ళి సంబంధాలు కూడా వెనక్కిపోతాయి. ఇంకొందరు మతిమరుపు వ్యాధి అంటారు, అది మరీ తేలిక. మతిమరుపు నాకూ ఉంది, మీకూ ఉంది, గొడుగు ఎక్కడ పెట్టానో మర్చిపోతాం. గొడుగు ఎక్కడ పెట్టానో మర్చిపోవడం వేరు, గొడుగు చేతిలో పట్టుకుని ఇదెందుకు అనుకోవడం వేరు. ఇలా మతి తగ్గిపోయే జబ్బులన్నిటికీ కలిపి డాక్టర్లు అనే డిమెన్షియా సరిపోతుందా అంటే, లాటిన్‌లో దానర్థమూ మనసు పోవడమే, మనకు ఆ అర్థం తెలియదు కాబట్టి నొప్పి పుట్టదు, అంతే. అమెరికా సైకియాట్రిస్టులు 2013లో ఆ మాట కూడా బాలేదని తమ గ్రంథంలో వేరే పెద్ద పేరు పెట్టుకున్నారు, అది పలికేసరికి మనకే మతి తప్పుతుంది.

జపాన్‌వాళ్ళు ఇంకా పట్టుదలగా చేశారు. వాళ్ళ భాషలో ఈ జబ్బుకు ‘చిహో’ అనేవాళ్ళు. రాసే రెండు అక్షరాల్లో ఒకదానికి తెలివితక్కువతనం అని, రెండోదానికి దిమ్మెరపోవడం అని అర్థం. ఆ పేరు పెడితే ముసలివాళ్ళు పరీక్షకే రారని, వచ్చినా కుటుంబం దాచిపెడుతుందని, అక్కడి ఆరోగ్యశాఖ ఒక కమిటీ వేసి, జనాభిప్రాయం అడిగి, 2004 డిసెంబరులో పేరు మార్చేసింది. ‘నిన్‌చిషో’ అన్నారు, గ్రహింపుకు సంబంధించిన జబ్బు అని. ప్రభుత్వం ఒక మాటను తీసేయడం నాకు మామూలుగా నచ్చదు, మాటలు మంత్రివర్గం చెబితే చావవు. కానీ అది అక్కడ నిలబడింది, ఇప్పుడు అందరూ అదే అంటున్నారు.

మన దగ్గర, నన్నడిగితే, తెలంగాణ మాటలు ఉన్నంతలో బాగున్నాయి. మా వియ్యంకులది కరీంనగర్ వైపు. వాళ్ళమ్మగారి గురించి చెబుతూ ఆయన ‘యాది తప్పుతున్నది, సోయి ఉంటలేదు’ అంటారు. యాది అంటే జ్ఞాపకం, ఉర్దూ యాద్ నుంచి వచ్చింది. సోయి అంటే ఎరుక. ఆ వాక్యంలో మనిషిని ఎక్కడా తప్పు పట్టలేదు చూడండి. ఆవిడ పిచ్చిది కాలేదు, మొండిది కాలేదు, యాది ఆవిణ్ణి వదిలి పోతోంది, అంతే. చాదస్తం అన్నప్పుడు మాత్రం అది ఆవిడ గుణమైపోతుంది, కావాలని చేస్తున్నట్టు.

ఇప్పుడు కొన్ని ఉపయోగపడే సంగతులు, గబగబా. మనిషి ఒకటి రెండు రోజుల్లోనే ఉన్నట్టుండి తికమకపడి, పగలూ రాత్రీ తేడా లేకుండా మాట్లాడుతుంటే అది చాదస్తమూ కాదు, డిమెన్షియా కూడా కాకపోవచ్చు. మన పెద్దలు దాన్ని ‘సంధి ప్రేలాపన’ అనేవాళ్ళు, వేరుగా గుర్తుపట్టారు, ఎంత తెలివైనవాళ్ళో చూడండి. మూత్రంలో ఇన్‌ఫెక్షన్, నిమ్ము, రక్తంలో సోడియం తగ్గడం, కొత్తగా వేసుకున్న మందు, ఇలాంటివి కారణం అవుతాయి. అది ఎమర్జెన్సీ, తెల్లారాక చూద్దాం అనుకోకూడదు. ఇక నెమ్మదిగా వచ్చేవాటిలో కూడా తిప్పుకోగలిగినవి ఉన్నాయి. థైరాయిడ్ తగ్గడం, బీ12 తగ్గడం, అందులోనూ మాంసం ముట్టనివాళ్ళలో, తలకు చిన్న దెబ్బ తగిలి వారాల తర్వాత లోపల రక్తం చేరడం, ఏళ్ళ తరబడి మింగే నిద్రమాత్రలు, దిగులు. దిగులును తక్కువగా చూడకండి. భార్య పోయిన మగవాడు ఉలుకూ పలుకూ లేకుండా కూర్చుంటే అందరూ మతి పోయిందంటారు, పోయింది మతి కాదు.

ఇంకోటి చెవులు. చెవి సరిగ్గా వినబడని మనిషి అడిగిందే అడుగుతాడు, సంబంధం లేని జవాబు చెబుతాడు, నలుగురిలో కలవడం మానేస్తాడు. చూసేవాళ్ళకు అచ్చం చాదస్తంలాగే ఉంటుంది. పైగా వినికిడి తగ్గిపోవడం డిమెన్షియా వచ్చే అవకాశాన్నీ పెంచుతుందని 2024లో లాన్సెట్ అనే వైద్యపత్రిక వేసిన నిపుణుల కమిటీ మళ్ళీ చెప్పింది. బీపీ, షుగర్, పొగ, చెవి, కన్ను, ఒంటరితనం, ఇలా మనం పట్టించుకోగలిగినవి 14 లెక్కపెట్టారు, అన్నీ చూసుకుంటే నూటికి 45 కేసుల దాకా రాకుండానో, ఆలస్యంగానో చేయవచ్చని. అందులో నేను చేసింది ఒకటే, మిషన్ పెట్టించుకున్నాను. దానికే ఆరేళ్ళు బతిమాలించుకున్నాను ఇంట్లోవాళ్ళతో, నా చాదస్తం కొద్దీ.

అరవై దాటితే అందరికీ వస్తుందా అంటే, రాదు. మన దేశంలో చేసిన పెద్ద సర్వే లెక్కలు 2023లో వచ్చాయి. అరవై దాటినవాళ్ళలో నూటికి 7.4 మందికి ఉందని, అంటే సుమారు 88 లక్షల మంది. ఆడవాళ్ళలో ఎక్కువ, పల్లెల్లో ఎక్కువ. సరిగ్గా చాదస్తం అనే మాట ఎవరి మీద ఎక్కువ పడుతుందో వాళ్ళలోనే ఎక్కువ. ఈ హాల్లో ఒక అరవై మందిమి ఉన్నామా? లెక్క వేసుకోకండి, టెన్షన్ పడతారు. నూటిలో మిగతా తొంభై రెండు మంది వైపు నుంచి చూడండి, వాళ్ళది వట్టి వయసే.

హైదరాబాద్ సంగతి ఒకటి మీకు నచ్చుతుంది. నిమ్స్ ఆసుపత్రిలో డాక్టర్ సువర్ణ అల్లాడి, ఆవిడ తోటివాళ్ళు డిమెన్షియా ఉన్న 648 మంది వివరాలు చూశారు. 2013లో అచ్చయింది. ఒకే భాష వచ్చినవాళ్ళ కంటే రెండు, మూడు భాషలు మాట్లాడేవాళ్ళలో జబ్బు లక్షణాలు సగటున నాలుగున్నరేళ్ళు ఆలస్యంగా మొదలయ్యాయి. చదువుకున్నవాళ్ళు కాబట్టేమో అంటారా, బడికి వెళ్ళనివాళ్ళలోనూ ఆ తేడా కనబడింది. తెలుగు, ఉర్దూ, హిందీ కలిపి బేరమాడే ఊరు కాబట్టి ఇది హైదరాబాద్‌లో చూడగలిగారు. జబ్బు రాకుండా ఆగిందని కాదు, ఆలస్యమైందని. ఒక్క నాలుగున్నరేళ్ళు మా అమ్మ పాల లెక్క చూసుకుని ఉంటే నేను ఏమిచ్చినా ఇచ్చేవాణ్ణి.

అమ్మకు రక్తపరీక్షలు, స్కానింగ్ అన్నీ చేశారు. బీ12 తక్కువుంది, ఇంజెక్షన్లు ఇస్తే ముఖం కొంచెం తేటపడింది, నడక మెరుగైంది, జ్ఞాపకం మాత్రం తిరిగి రాలేదు. ఆల్జైమర్ అన్నారు. ఆ తర్వాత ఆరేళ్ళు ఉంది.

ఆ ఆరేళ్ళలో ఎక్కువగా సాయంత్రాలు గుర్తున్నాయి. పొద్దు వాలేసరికి సంచిలో ఒక చీర, దువ్వెన పెట్టుకుని గుమ్మం దగ్గర నిలబడేది. ‘చీకటి పడుతోంది, ఇంటికి పోదాం, అమ్మ ఎదురుచూస్తుంది’ అని. నేను తెలుగు మాస్టార్ని కదా, తప్పు కనబడితే దిద్దకుండా ఉండలేను. ‘ఇదే మన ఇల్లు. అమ్మమ్మ పోయి నలభై ఏళ్ళయింది’ అనేవాణ్ణి. ఆవిడకది అప్పుడే తెలిసిన కబురు. కూలబడి ఏడ్చేది. మర్నాడు మళ్ళీ అడిగేది, నేను మళ్ళీ దిద్దేవాణ్ణి, ఆవిడ మళ్ళీ కొత్తగా తల్లిని పోగొట్టుకునేది. ఎన్నిసార్లు చేశానో లెక్కలేదు. ఇందులో ఛాందసుడు ఎవరండీ? అక్షరం మార్చకుండా, స్వరం మార్చకుండా, రోజూ అదే వల్లించింది నేను.

మా ఆవిడ మాత్రం ఒకరోజు నన్ను పక్కకు జరిపి, ‘పోదాం అత్తయ్యా, ఈ కాఫీ తాగేసి బయల్దేరదాం. మీ అమ్మగారు ఈ వేళకు ఏం వండుతూ ఉంటారు?’ అంది. అంతే, అమ్మ కూర్చుంది. చింతచిగురు పప్పు, వెన్న కాచిన వాసన, దూడను కట్టేసిన గుంజ, అన్నీ చెప్పింది. వెళ్ళడం మర్చిపోయింది. రోజూ పనిచేయలేదు, కొన్ని రోజులు తలుపు బాదేది, చేయి కొరికేది, మా ఆవిడ కూడా బాత్రూమ్‌లోకి వెళ్ళి ఏడ్చిన రోజులున్నాయి. కానీ ఆ పప్పు గురించి నేను అంతకు ముందు యాభై ఏళ్ళలో ఒక్కసారీ అడగలేదు. అడిగి ఉంటే ‘నా చాదస్తం గానీ, నీకెందుకురా ఆ పాత గొడవలు’ అనేదేమో.

కార్యదర్శిగారు వాచీ చూపిస్తున్నారు. ఆ రెండో డాక్టర్ అడిగిన ప్రశ్నను ఒక కాగితం మీద రాసి తెచ్చాను, బల్ల మీద పెడతాను, కావాలంటే ఫోన్‌లో ఫోటో తీసుకోండి. ‘ఇదివరకు చేయగలిగి ఇప్పుడు చేయలేకపోతున్నది ఏది?’ అని. మీ ఇంట్లో పెద్దవాళ్ళ గురించి అడుగుతారో, మీ గురించి మీ పిల్లల్ని అడగమంటారో మీ ఇష్టం.

ఆల్జైమర్ మాట్లాడిన సభలో ఎవరూ ప్రశ్నలు అడగలేదని చెప్పాను కదా. మీరు అడగండి. కాకపోతే ఈ కుడివైపు నుంచి, కొంచెం గట్టిగా. ఎడమ చెవి మిషన్‌లో బ్యాటరీ అయిపోయినట్టుంది.